నీరు మిగిల్చిన మరక





చిత్తశుద్ధిని గూర్చి ఇదివరలో శాస్త్రముల ఆధారముగా పలుమార్లు ముచ్చటించుకొన్నాము. నేడు అదే విషయమును మా ఇంటి స్నానశాలలోని ఒక అద్దపు తలుపును ముందుంచుకొని చెప్పవలసి వచ్చినది. ఇది హాస్యమునకు అనుచున్న మాట కాదు. నలుబది సంవత్సరములకు పైగా నోటితో వల్లించిన ఒక సత్యమును ఆ తలుపు నాకు చేతితో తెలియజేసినది. అందుకు మా ఇంట ఒకరు బాధపడవలసి వచ్చినది. దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే ప్రాయశ్చిత్తమని భావించి వ్రాయుచున్నాను.

మాది గుడ్లవల్లేరు. గుడివాడ నుండి మచిలీపట్నమునకు పోవు రైలు మార్గముమీద ఉన్న ఊరు. మా తల్లిగారికి ఎనుబది దాటినవి. ఆమె ఆచారవంతురాలు. స్నానము విషయమున పరుల సహాయము అంగీకరించరు. మడి గట్టుకొనువరకు కోడలు సైతము తాకరాదు. రెండేండ్ల క్రితము స్నానశాలలో నేల అంతయు తడిసి ఉండగా ఆమె జారినారు. దైవకృప వలన గోడ ఆసరా దొరికినది, దెబ్బ తగులలేదు. ఈ సంగతి విని హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి మాఘమాసములో సెలవు పెట్టి వచ్చినాడు. పనివారిని పిలిపించి, స్నానశాలను రెండు భాగములు చేయించినాడు. నీరు పడు భాగమునకు, పొడిగా ఉండవలసిన భాగమునకు నడుమ ఎనిమిది మిల్లీమీటర్ల మందము గల అద్దపు తలుపు బిగింపజేసినాడు. లోపల ఆమె కూర్చుండుటకు ఒక కుర్చీ, పట్టుకొనుటకు గోడకు ఒక ఉక్కు కడ్డీ ఏర్పాటు చేసినాడు.

"అద్దము ఎందుకురా? ఒక తెర కట్టిన చాలదా?" అని నేను అడిగినాను.

"తెర అయితే కాళ్లకు చుట్టుకుంటుంది నాన్నగారూ. గోడ అయితే లోపల ఏం జరుగుతోందో తెలియదు. అద్దమైతే నీళ్లు బయటకు రావు, అమ్మ గుమ్మం దగ్గర నిలబడి బామ్మను కనిపెట్టుకుని ఉండవచ్చు. బామ్మ మడికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

ఆ మాటలో ఎంత ఆలోచన ఉన్నదో ఈనాడు తెలియుచున్నది. ఆనాడు నాకు వినబడలేదు. వాడు మా వంశములో వేదాధ్యయనము సగములో విడిచి వెళ్లిన మొదటివాడు. ఆ శల్యము నా హృదయములో పదునైదు సంవత్సరములుగా ఉన్నది. దానితో నేను ఇట్లన్నాను: "స్వామికి ఒక్కపూట దీపము పెట్టుటకు తీరిక లేనివాడికి స్నానాలగదికి అద్దాలు బిగించే తీరిక ఉన్నదా!" వాడు బదులు చెప్పలేదు. వెళ్లునప్పుడు రబ్బరు అంచు గల ఒక చిన్న వైపర్‌ను తలుపు పక్కన కొక్కెమునకు తగిలించి, "స్నానం అయ్యాక ఒక్కసారి దీనితో నీళ్లు లాగేస్తే చాలు నాన్నగారూ, మరక పట్టదు" అని మాత్రము చెప్పి వెళ్లినాడు.

నేను ఆ వైపర్‌ను ముట్టలేదు.

మా ప్రాంతపు నీటిని గూర్చి ఇచ్చట కొంత చెప్పవలెను. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి, అటుపిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన నాటినుండి కృష్ణమ్మ కాలువల ద్వారా మా డెల్టాను పోషించుచున్నది. పైన పారు ఆ నీరు తీయన. కాని భూమి లోపలి నీరు అట్లు కాదు. సముద్రమునకు సమీపించుకొలది బోరు నీటిలో ఉప్పు, సున్నపు లవణములు అధికమగును. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మంచినీటి చెరువులో నిలువ ఉన్న నీరు త్రాగుటకు, వంటకు, స్వామి కైంకర్యమునకు దాచుకొందుము. స్నానమునకు బోరు నీరే దిక్కు. మా తల్లిగారి పుట్టినిల్లు దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన పిదప అచ్చటి బావులలో నీరు నోట పెట్టుకొనుటకు వీలులేక పోయిన దినములను ఆమె ఇప్పటికిని తలచుకొందురు. ఉప్పునీటితో ఆమెకు ఉన్న పరిచయము అంత పాతది.

వైశాఖములో అద్దముమీద చిన్న చిన్న తెల్లని చుక్కలు కనబడినవి. ఆషాఢమునాటికి ఆ చుక్కలు కలిసి చారలైనవి. శ్రావణ భాద్రపదములు గడచునప్పటికి ఆ తలుపు సున్నము కొట్టిన గోడవలె అయినది. మా ఆవిడ అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిచెడిది. ఆమెకు భుజము నొప్పి. "ఏమండీ, మీరొకసారి గట్టిగా రుద్దితే పోతుందేమో" అని రెండు మూడు పర్యాయములు అడిగినది. "అది బిగించినవాడిని వచ్చి రుద్దమను" అన్నాను. ఆలయములో స్వామివారి పాత్రలను ప్రతిదినము స్వహస్తములతో తోమువాడను నేను. ఇంటిలోని అద్దమును తుడుచుట నా స్థాయికి తక్కువ అని తోచినది.

కార్తిక సోమవారము. తెల్లవారుజామున నేను ఆలయములో మహన్యాస పూర్వక రుద్రాభిషేకములో ఉన్నాను. ఇంటివద్ద మా తల్లిగారు స్నానమునకు వెళ్లినారు. మా ఆవిడ అలవాటు చొప్పున గుమ్మము వద్ద నిలిచినది. తలుపు వెనుక తెల్లని ఆకారము ఒకటి వంగినట్లు ఆమెకు లీలగా కనబడినది. చెంబుకొరకు వంగినారేమో అనుకొన్నది. వాస్తవమునకు మా తల్లిగారు కుర్చీ నుండి జారి, చేయి క్రింద పడగా గోడకు చేరగిలబడి ఉన్నారు. నీటి చప్పుడులో ఆమె పిలుపు వినబడలేదు. ఆ ఆకారము ఎంతకును కదలకపోవుటచే రెండు మూడు నిమిషముల తరువాత మా ఆవిడ "అత్తయ్యగారూ!" అని తలుపు తెరచినది.

మణికట్టు ఎముక చిట్లినది. ఆరువారములు కట్టు. అంతకు మించిన ప్రమాదము కాలేదని అందరును సంతోషించినారు. నాకు మాత్రము ఆ రెండు మూడు నిమిషములు నేటికిని గడవలేదు. అద్దము నిర్మలముగా ఉండి ఉన్నచో ఆమె జారుట ఆగెడిది కాకపోవచ్చును. కాని తడినేలమీద విరిగిన చేతితో అన్ని క్షణములు ఒంటరిగా ఉండవలసిన అగత్యము ఆమెకు కలిగెడిది కాదు. ఎవరి కన్నును అడ్డగింపరాదని ఆ అద్దమును పెట్టిరో, అదే అద్దము నా ఉపేక్ష వలన గోడయైనది.

ఆ సాయంకాలమే అబ్బాయి వచ్చినాడు. బామ్మను చూచిన పిదప స్నానశాలలోనికి వెళ్లినాడు. నేను వెనుకనే నిలిచి ఉన్నాను. వాడు ఆ తెల్లదనముమీద వేలితో ఒక గీత గీచి చూచినాడు. గీత పడలేదు, అది అంత గట్టిపడి ఉన్నది. కొక్కెమునకు వాడు తగిలించిన వైపర్ తగిలించినట్లే ఉన్నది. నావైపు ఒకసారి చూచి, ఏమియు అనక వెలుపలికి వచ్చినాడు. ఆ మౌనమునకు నా వద్ద ఏ శాస్త్రములోను సమాధానము లేదు.

వాడు తిరిగి వెళ్లిన రాత్రి నేను ఆ తలుపుమీద పడినాను. దానిని శుభ్రము చేయుట అనుటకంటె దానిమీద కోపము తీర్చుకొన్నాను అనుట న్యాయము. గిన్నెలు తోము ఇనుప పీచు తీసికొని బలమంతయు ప్రయోగించి రుద్దినాను. తెలుపు కొంత ఊడినది. కాని ఉదయపు వెలుగులో చూడగా జానెడు మేర సన్నని వంకర గీతలు అద్దములో శాశ్వతముగా నిలిచిపోయినవి. క్రోధముతో చేసిన శుద్ధి ఎట్టిదో చెప్పుటకు అవి నేటికిని అచ్చటనే ఉన్నవి.

మంచముమీద ఉన్న మా తల్లిగారు ఆ చప్పుడు విని, "ఒరేయ్, ఉప్పునీటి మరకకి బలం కాదురా, పులుపు కావాలి. గుడిలో ఇత్తడి బిందెలు దేనితో తోముతున్నావు?" అని అడిగినారు.

ఆ ఒక్క ప్రశ్నతో నాకు చదివిన చదువు గుర్తునకు వచ్చినది. మనుస్మృతి పంచమాధ్యాయములో ద్రవ్యశుద్ధి ప్రకరణమున్నది. రత్నములకు, రాతి పాత్రలకు భస్మము, జలము, మృత్తిక శుద్ధిసాధనములని అచ్చట చెప్పబడినది. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము వంటి లోహములకు క్షారము, ఆమ్లము, ఉదకము అను మూడింటిని యథార్హముగా వాడవలెనని విధింపబడినది. 'యథార్హముగా' అను మాటను నేను ఎన్నడును నిలిచి ఆలోచింపలేదు. ఏ మలమునకు ఏది తగునో తెలిసి వాడవలెనని దాని భావము. బాల్యములో పాఠశాలయందు లాంతరు చిమ్నీలను మెత్తని గుడ్డతో, జల్లించిన పిడకల బూడిదతో తుడిచిన చేతులివి. ఇనుప పీచుతో చిమ్నీని రుద్దిన విద్యార్థికి మా గురువుగారు ఏమి చెప్పి ఉండెడివారో ఊహింపగలను.

మా గ్రామములోని ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు పరీక్షల ముందు ఆలయమునకు వచ్చుచుందురు. వారిలో ఒక పిల్లవానిని ఈ మరకను గూర్చి అడిగినాను. వాడు చెప్పిన విషయమును నా మాటలలో చెప్పెదను. బోరు నీటిలో సున్నపు అంశము అదృశ్యముగా కరిగి ఉండును. బిందువు అద్దముమీద నిలిచి ఆరునప్పుడు నీరు ఆవిరియై పోవును, సున్నము పోదు. అది అచ్చటనే పొరగా మిగులును. మామూలు ఉప్పు అయినచో తిరిగి నీరు పోసిన కరుగును. సున్నపు పొర నీటికి కరుగదు, దానికి ఆమ్లము కావలెను. దీనికి తోడు, సబ్బు ఆ సున్నముతో కలిసి జిడ్డు గల తెల్లని పొరగా మారును. దానిని వదలించుటకు క్షారగుణము గల సోడా గాని, గిన్నెలు కడుగు ద్రవము గాని ఉపయోగించును. అనగా ఆ తలుపుమీద ఉన్నది ఒక మలము కాదు. ఒకదానిమీద ఒకటి పేరుకొన్న రెండు మలములు. క్షారమును, ఆమ్లమును ధర్మశాస్త్రము వేరువేరుగా ఎందుకు పేర్కొన్నదో నాకు స్నానశాలలో బోధపడినది.

మరుసటి ఆదివారము మధ్యాహ్నము పని మొదలిడితిని. గృహస్థులకు ఉపయోగించునని క్రమము చెప్పుచున్నాను. మొదట గోరువెచ్చని నీటిలో గిన్నెలు కడుగు ద్రవము కొద్దిగా కలిపి, మెత్తని స్పాంజితో అద్దమంతయు తుడిచి, సబ్బు జిడ్డును వదలించి కడిగివేసినాను. పిదప ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, పాత నూలుగుడ్డలను అందులో తడిపి, అద్దమునకు అంటించి పావుగంట ఉంచినాను. నిమ్మ ఉప్పు లేనివారు తెల్లని వెనిగర్ వాడవచ్చును. చింతపండు కూడ పనిచేయును గాని దాని పిప్పిని మరల కడుగవలసి వచ్చును. గుడ్డలు తీసి, బలము లేకుండ గుండ్రముగా తుడిచి, మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండ చేసినాను. ఒకనాటితో పోలేదు. ఏడు నెలల పొర కదా! వారమునకు ఒకసారి చొప్పున నాలుగు వారములు పట్టినది.

ఈ పనిలో తెలిసికొన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. సోడాను, పులుపును ఒకేసారి కలుపరాదు. నురుగు వచ్చుటచే ఏదో గొప్ప పని జరుగుచున్నట్లు కనబడును గాని అవి రెండును ఒకదాని శక్తిని ఒకటి హరించుకొనును. మరుగుదొడ్డి యాసిడ్ త్వరగా పనిచేయునని కొందరు చెప్పుదురు. అది తలుపు కీళ్లను, ఉక్కు కడ్డీని, పలకల నడుమ ఉన్న సిమెంటును తినివేయును. యాసిడ్‌ను గాని, వెనిగర్‌ను గాని బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడును కలుపరాదు. దాని నుండి వెలువడు వాయువు ప్రాణాపాయకరము. గడప కడపరాయి గాని, పాలరాయి గాని అయినచో దానిమీద పుల్లని నీరు పడకుండ గుడ్డ పరచుకొనవలెను. అవి స్వయముగా సున్నపు జాతి రాళ్లు, పులుపు వాటిని కూడ కరిగించును. ఈ తలుపుల అద్దము కాల్చి, వేగముగా చల్లార్చి గట్టిచేసినది. నడుమ ఎంత బలమో అంచులయందు అంత సుకుమారము. అంచుకు గట్టి వస్తువు తగిలినచో తలుపంతయు ఒక్కసారిగా చిన్న ముక్కలై రాలును. కావున బకెట్టు, చెంబు దూరముగా ఉంచవలెను. ఆరు నెలలకు ఒకసారి కీళ్ల మరలు వదులైనవేమో తెలిసినవారిచేత చూపించుకొనవలెను. క్రింది అంచున ఉండు రబ్బరు పట్టీని తడి లేకుండ తుడువవలెను. స్నానానంతరము తలుపు కొంత తెరచి ఉంచినచో లోపల గాలి ఆడి తేమ పోవును.

నాలుగు వారముల పిదప అద్దము వెలుపలి నుండి చూచినచో లోపలి కుర్చీ స్పష్టముగా కనబడినది. కాని రెండు లోపములు మిగిలినవి. ఒకటి నా ఇనుప పీచు గీతలు. రెండవది, క్రింది భాగములో అరచేయి అంత మేర ఒక మసక. అది పైన ఉన్న పొర కాదు. ఎక్కువకాలము సున్నము, తడి అంటిపెట్టుకొని ఉండుటచే అద్దము ఉపరితలమే క్షీణించినది. దానిని ఏ పులుపును పోగొట్టలేదు. సకాలములో తుడిచిన అర నిమిషపు పని, కాలము మించిన తరువాత ఎన్ని గంటలు పెట్టినను పూర్తి కాదు.

సాధకులారా, ఇక నేను చెప్పదలచిన అసలు మాటకు వచ్చెదను.

భగవద్గీత మూడవ అధ్యాయములో కామము జ్ఞానమును ఎట్లు కప్పునో చెప్పుచు, పొగచే కప్పబడిన అగ్నిని, మలినముచే కప్పబడిన అద్దమును, మావిచే కప్పబడిన గర్భస్థ శిశువును భగవానుడు ఉపమానములుగా చూపినాడు. పొగ గాలికి తొలగును, అద్దమును తుడువవలెను, శిశువునకు కాలము పక్వము కావలెను అని పెద్దలు వివరించెదరు. శ్వేతాశ్వతరోపనిషత్తు రెండవ అధ్యాయములో మట్టి పూసిన బింబము కడుగబడినప్పుడు ప్రకాశించునట్లు ఆత్మతత్త్వమును దర్శించినవాడు కృతార్థుడగునని ఉన్నది. వీటిని నేను ఎన్నో సభలలో చెప్పినాను. అన్ని పర్యాయములును అద్దముమీద మలినము అనగా వెలుపలి నుండి వచ్చి పడిన దుమ్ము అనియే భావించి చెప్పినాను. లోకము దుమ్ము, విషయములు దుమ్ము, దుస్సంగము దుమ్ము. అద్దమును ఆ దుమ్మునుండి కాపాడుకొనవలెనని నా బోధ.

మా ఇంటి తలుపుమీద దుమ్ము లేదు. వీధిలోని బురద లేదు. దానిమీద ఉన్నది స్నానము చేయించిన నీరే. శుద్ధి చేయుటకు వచ్చిన నీరే ఆరిపోయి మరకయై నిలిచినది. ఈ సంగతి తోచినప్పుడు చేతిలోని గుడ్డను పట్టుకొని అట్లే నిలిచిపోయినాను.

నా చిత్తమును మలినము చేసినది ఏది? నాకు దుర్వ్యసనములు లేవు. త్రికాల సంధ్యావందనము తప్పలేదు. మడి, ఆచారము, జపము, అభిషేకము, అన్నియు జరిగినవి. అవి అన్నియు శుద్ధజలములే. కాని ప్రతిదినము అవి వెళ్లిపోవుచు ఒక సన్నని పొర మిగిల్చి వెళ్లినవి. 'నేను ఆచరించుచున్నాను, వాడు ఆచరించుట లేదు' అను పొర. ఒకనాటిది కంటికి కనబడదు. పదునైదు సంవత్సరముల పొర గోడయగును. ఆ గోడ అవతల నా కుమారుడు ఒక తెల్లని ఆకారముగా మాత్రమే నాకు కనబడినాడు. బామ్మ మడికి భంగము కలుగరాదని, తల్లికి కనుచూపు అందవలెనని, ఎవరికిని ఇబ్బంది లేకుండ వాడు చేసిన ఆలోచన నాకు కనబడలేదు. ఆలయములో నేను విగ్రహమునకు చేయు సేవను వాడు ఇంటిలో వృద్ధురాలికి చేసినాడు. దానిని సేవగా గుర్తింపలేకపోవుటకు నా అపవిత్రత కారణము కాదు. నా పవిత్రతయే కారణము.

మనువు ఆ అధ్యాయములోనే నీటిచే శుద్ధియగునవి శరీరావయవములు మాత్రమేనని, మనస్సు సత్యముచే శుద్ధియగునని చెప్పినాడు. నేను నీటిని విశేషముగా వాడినాను. సత్యమును వాడుట మరచినాను. నా మాట తప్పు అని కుమారునితో చెప్పుట ఆ సత్యము.

ఉపమానము సర్వాంశములలోను సరిపడదని తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అద్దము క్షీణించును, ఆత్మకు క్షయము లేదు. ఈ అద్దము అంతఃకరణమునకు ఉపమానము గాని ఆత్మకు కాదు. అంతఃకరణములో కొన్ని గీతలు మిగులును. వాటిని చూచి నిరాశ చెందనక్కరలేదు. గీతలున్న అద్దము గుండ కూడ లోపలి మనిషి కనబడును.

మరి నిత్యము పేరుకొను ఈ పొరకు ఉపాయమేమి? స్నానము మానుట ఉపాయము కాదు. అనుష్ఠానము అహంకారమునకు దారితీయుచున్నదని అనుష్ఠానమును విడుచుట, మరక పడుచున్నదని స్నానము మానుట వంటిదే. ఉపాయము అర్చకులమైన మాకు ప్రతి ఉదయము చేతిలోనే ఉన్నది. ఆలయము తలుపులు తెరచిన వెంటనే మేము చేయు పనులలో మొదటిది నిర్మాల్య విసర్జనము. నిన్న భక్తితో సమర్పించిన పుష్పములే, నిన్నటి పూజ పవిత్రమైనదే, అయినను వాటిని తొలగించినగాని నేటి పూజ ఆరంభము కాదు. నిన్నటి పూవును స్వామి శిరస్సున ఉంచి నేటి పూవును పెట్టుట అపచారము. నిన్నటి పుణ్యమును నా శిరస్సున అట్లే ఉంచుకొని నేటి పూజకు కూర్చున్న నేను ఏమి చేసినట్లు? యోగసూత్రములలో పతంజలి మహర్షి అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగకుండ, ఆదరముతో సేవింపబడినప్పుడు దృఢమగునని చెప్పినాడు. వాటిలో ఆదరము అను మూడవది నాకు ఆ తలుపు దగ్గర లోపించినది.

ధనుర్మాసము ఆరంభమైననాటి నుండి ఒక నియమము పెట్టుకొన్నాను. తెల్లవారుజామున స్నానము ముగియగానే, దేహముమీద తడి ఆరకముందే, కొక్కెము నుండి ఆ వైపర్ తీసి పైనుండి క్రిందికి వరుసగా నీటిని లాగివేయుదును. చివర ఒక పొడిగుడ్డతో అంచులు తుడుతును. పంచాక్షరిని పదకొండు పర్యాయములు జపించునంత కాలము పట్టును. తల్లిగారి స్నానము తరువాత కూడ నేను ఇంటనున్నచో నేనే చేయుదును. అది చేయునప్పుడు నిన్న ఎవరినైన చులకనగా తలచినానేమో స్మరించుకొందును. దొరకని దినము అరుదు. తుడిచివేసి ఆలయమునకు పోవుదును. అచ్చట ఉపచారములలో స్వామికి దర్పణము చూపునప్పుడు ఇదివరలో లేని ఒక జంకు కలుగుచున్నది. చేతిలోని అద్దము ఎంత నిర్మలముగా ఉన్నదో చూచుకొనిన పిదపనే స్వామివైపు త్రిప్పుచున్నాను.

సంక్రాంతికి అబ్బాయి వచ్చినాడు. అప్పటికి బామ్మ చేతి కట్టు విప్పినారు. భోగినాటి ఉదయము వాడు స్నానము చేసి రాగా, నేను వసారాలో కూర్చుండి పంచాంగము చూచుచున్నట్లు నటించుచు, "ఆ రోజు తలుపు బిగించినప్పుడు నేనన్న మాట తప్పురా. నువ్వు చేసింది సేవ. నాకు కనపడలేదు" అన్నాను. ఇంతకంటె చక్కగా చెప్పవలెనని నెల దినములుగా అనుకొన్నాను. ఇంతే వచ్చినది.

వాడు తువ్వాలుతో తల తుడుచుకొనుచు కొంతసేపు ఊరకున్నాడు. పిదప, "అద్దం మీద ఆ గీతలేమిటి నాన్నగారూ?" అని అడిగినాడు.

"ఇనుప పీచు" అన్నాను.

వాడు నవ్వినాడు. నేనును నవ్వినాను. లోపల నుండి మా తల్లిగారు, "వాడికి చిన్నప్పటి నుంచీ అన్నీ గట్టిగా రుద్దడమే అలవాటు" అన్నారు. ఆ 'వాడు' మనుమడు కాదు, నేను.

తరువాత నేను స్నానమునకు వెళ్లినప్పుడు చూచితిని. అద్దముమీద ఒక్క నీటిబొట్టు లేదు. పైనుండి క్రిందికి వరుసగా లాగిన జాడ మాత్రము ఉన్నది. వైపర్ కొక్కెమునకు తగిలించి ఉన్నది. దాని అంచునుండి ఇంకను నీరు కారుచున్నది. సగములో వేదము విడిచిన నా కుమారుడు నిర్మాల్యము తీసియే వెలుపలికి వచ్చినాడు.

మీ ఇండ్లలో ఇట్టి తలుపు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మీరు చేయు జపము, వ్రతము, తీర్థయాత్ర మీకును, మీ వారికిని నడుమ ఏ పొరనైన మిగుల్చుచున్నదేమో ఒకసారి వ్రేలితో గీచి చూచుకొనుడు. గీత పడినచో పొర ఇంకను మెత్తగానే ఉన్నది, నేడే తుడువవచ్చును. గీత పడకున్నచో పులుపు, ఓపిక, కొన్ని వారములు కావలెను. ఇనుప పీచు మాత్రము వలదు.

స్వస్తి.